ముందు వలయం, తర్వాతే గెంతు: కర్నూలు, కడపలో ఆర్టిస్టిక్ స్కేటింగ్ శిక్షణ

2010 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌ను మొదటిసారి చేర్చారు. ఆ మొదటిసారే హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. ఒకటి పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో ఒంటరిగా, రెండోది అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. 2015లో అతనికి అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల ఆర్టిస్టిక్ విభాగంలో మన దేశం తరఫున రింకులోకి దిగిన ఇద్దరివీ తెలుగు పేర్లే: దొంతర గ్రీష్మ, ఆకుల సాయి సంహిత. 2024 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకున్న పిల్లల్లో మంగళగిరి స్కేటర్ మాత్రపు జెస్సీరాజ్ ఉంది.

అంటే ఈ ఆటలో తెలుగువాళ్లకు ఒక వరుస ఏర్పడింది. హైదరాబాద్, విశాఖపట్నం, కృష్ణా తీరం దాకా ఆ వరుస కనిపిస్తుంది. తుంగభద్ర దాటి కర్నూలుకు, పెన్న దాటి కడపకు అది ఎందుకు రాలేదు? రావాలంటే ఏం కావాలి, ఎవరు నేర్పాలి, ఏది ముందు నేర్పాలి? ఇదే ఇక్కడి ప్రశ్న. నా జవాబు ముందే చెప్తాను. మన జిల్లాల్లో పిల్లలకు లోటు లేదు, ఉత్సాహానికీ లోటు లేదు. లోటున్నది సరైన నేలకు, మొదటి మూడేళ్ల ఓపికకు. ఈ రెండూ లేకుండా పెట్టే ఖర్చంతా వృథా.

ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే స్కేటింగ్ అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది పరుగు పందెమే. ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో గడియారంతో పోటీ లేదు. సంగీతానికి తగ్గట్టు కదలాలి, గాల్లో తిరగాలి, ఒంటికాలి మీద గిరగిరా తిరగాలి, జడ్జీలు మార్కులు వేస్తారు. బూటు కింద ఒక ప్లేటు, దానికి ముందొక ట్రక్కు, వెనకొక ట్రక్కు, ఒక్కో ట్రక్కుకు రెండు చక్రాలు. ట్రక్కుకూ ప్లేటుకూ మధ్య రబ్బరు గుబ్బలుంటాయి. పాదం ఒక పక్కకు వాలితే ఆ రబ్బరు నొక్కుకుని చక్రాలు ఆ వైపుకు వంపు తిరుగుతాయి. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ పేటెంటు తీసుకున్న ఈ ఏర్పాటు మీదే ఆట మొత్తం నిలబడి ఉంది. అంతకుముందు స్కేట్లు నేరుగా పోయేవి, తిరగాలంటే ఈడ్చుకోవాల్సి వచ్చేది.

పాదం బయటి అంచుకు వాలడం ఒకటి, లోపలి అంచుకు వాలడం ఇంకొకటి. ముందుకు పోవడం, వెనక్కి పోవడం. కుడికాలు, ఎడమకాలు. లెక్క కడితే ఎనిమిది ఎడ్జ్‌లు. త్రీ టర్న్, మోహాక్, బ్రాకెట్, రాకర్, కౌంటర్ లాంటి మలుపులన్నీ ఒక ఎడ్జ్ నుంచి మరో ఎడ్జ్‌కు మారడాలే. సాల్కో, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్ అనే జంపులను గుర్తించడంలో ముఖ్యమైనది ఏ ఎడ్జ్ మీద నుంచి లేచారన్న లెక్కే. ఎడ్జ్ లేనివాడు ఎంత ఎత్తుకు ఎగిరినా జడ్జి కాగితం మీద దానికి విలువ రాదు. ఈ ఒక్క విషయం తల్లిదండ్రులకు అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. జిల్లా కేంద్రాల్లో స్కేటింగ్ శిక్షణ ఎక్కువగా స్టేడియం ఆవరణలోనో, ప్రైవేటు స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టులోనో, తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు మీదో నడుస్తుంది. ఒక కోచ్, ముప్పై నలభై మంది పిల్లలు, అందరూ ఒకే దిక్కుకు గుండ్రంగా తిరగడం. స్పీడ్ స్కేటింగ్‌కు ఇది కొంతవరకు సరిపోతుంది. అందులో మన దక్షిణాది ఎంత ఎత్తుకు పోగలదో చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో చైనాలోని బైడైహేలో ప్రపంచ చాంపియన్ అయ్యి చూపించాడు. ఆ ఆటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని గుండ్రంగా ఒకే దిక్కుకు తిరిగే అలవాటు ఆర్టిస్టిక్ పిల్లకు ముప్పు. రెండు దిక్కులకూ, రెండు కాళ్ల మీదా, ముందుకూ వెనక్కూ సమానంగా పోవడం ఆ పిల్ల మొదటి ఏడాది పాఠం. నాలుగేళ్లు ఎడమవైపే తిరిగాక కుడివైపు ఎడ్జ్ నేర్పడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

దీనికి తోడు రికార్డుల మోజు ఒకటుంది. కళ్లకు గంతలు కట్టుకుని గంటల తరబడి స్కేటింగ్ చేయడం, కారు కింద నుంచి పడుకున్నట్టు వంగి దూసుకుపోవడం, పిల్లలందరినీ నిలబెట్టి ఒక సర్టిఫికెట్ ఇప్పించడం. పేపర్లో ఫొటో వస్తుంది, ఇంట్లో గోడకు ఫ్రేము ఎక్కుతుంది. ఆ సర్టిఫికెట్ జాతీయ ఎంపికలో పనికిరాదు. కారు కింద నుంచి దూరడంలో పిల్ల నేర్చుకున్న వంగుడు ఏ స్పిన్‌కూ ఉపయోగపడదు. తుంటి కీలు ఎదుగుతున్న వయసులో అలా బలవంతంగా సాగదీయడం మంచిది కూడా కాదు. ఆ డబ్బు, ఆ రోజులు ఎడ్జ్‌ల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేదని ప్రతిసారీ బాధ కలుగుతుంది. కోచ్‌లకు ఇది బతుకుతెరువు అని తెలుసు. అయినా చెప్పక తప్పదు: రికార్డు కోసం పిల్లలను తయారు చేయడం శిక్షణ కాదు.

నేల గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. ఆర్టిస్టిక్ పోటీ రింకు 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. 40కి 20 ఉన్నా శిక్షణ నడిపించవచ్చు. కొలత కన్నా ముఖ్యం దాని పైపొర. మరీ నున్నగా ఉంటే ఎడ్జ్ జారిపోతుంది, పిల్ల తుంటి మీద పడుతుంది. మరీ గరుకుగా ఉంటే స్పిన్ రెండు చుట్లకే ఆగిపోతుంది, దిగినప్పుడు చక్రం పట్టేసి మోకాలు మెలిపడుతుంది. వాన నీళ్లు పోవాలని వాలు పెడతారే, అది ఆరుబయట కోర్టులన్నిటికీ ఉంటుంది. నడిచేవాళ్లకు తెలియదు. వెనక్కి ఎడ్జ్ మీద వలయం గీసే పిల్లకు మాత్రం ఒక పక్క వేగం పెరగడం, ఇంకో పక్క తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ నేల మీదే ఎదిగిన పిల్ల వాలుకు సర్దుకుని శరీరాన్ని ఒరగబెట్టడం నేర్చుకుంటుంది. చదునైన పోటీ రింకులోకి వెళ్లిన రోజు ఆ సర్దుబాటే తప్పవుతుంది. స్పీడ్ స్కేటింగ్ ట్రాకుకు మలుపుల దగ్గర వాలు కట్టడం అవసరం. ఆర్టిస్టిక్‌కు అది పనికిరాదు. కాబట్టి జిల్లాకు ఒక స్కేటింగ్ రింకు మంజూరైందని సంబరపడే ముందు ఏ ఆటకు కడుతున్నారో అడగాలి.

ఇక్కడే మన సీమకు ఒక అనుకూలం ఉంది. ఇళ్లలో పరుచుకునే నాపరాయి మన దగ్గరే దొరుకుతుంది. బేతంచెర్ల బండలు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నల్ల కడప బండలు, వాటిని కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు, మిషను పట్టడంలో చేయి తిరిగిన కూలీలు అందరూ మన చుట్టూనే ఉన్నారు. బయటి దేశాల్లో మేపుల్ చెక్కతోనో, ప్రత్యేకమైన పూత వేసిన కాంక్రీటుతోనో రింకులు కడతారు. మనకు ఆ చెక్క అక్కర్లేదు. రాయి పరిచినా, మొజాయిక్ పోసినా, కాంక్రీటును మిషనుతో నునుపు చేసినా పనికొస్తుంది. జాగ్రత్త పడాల్సింది సందుల దగ్గర. పక్కపక్క బండల్లో ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా చక్రం తగులుకుంటుంది. అందుకే బండలు పరిచాక సందులు నింపి, నేల మొత్తానికీ ఒకేసారి మిషను పట్టించాలి. అద్దంలా మెరిసేదాకా పట్టించకూడదు, మెరుపు రాకముందే ఆపేయాలి. పాలిష్ పట్టే మేస్త్రికి ఈ తేడా చెప్పి, నాలుగు గజాల మేర చేయించి, దాని మీద ఒక స్కేటరును తిప్పి చూసి, తర్వాతే మిగతా నేల చేయించాలి. ఇది పెద్ద ఇంజినీరింగు కాదు, పట్టించుకునే మనిషి కావాలి.

పైకప్పు కూడా తప్పదు. కర్నూలులో, కడపలో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. నల్ల బండ ఆ ఎండను పీల్చుకుంటే సాయంత్రం ఆరున్నరకు కూడా సెగ వదలదు. స్కేటు చక్రాలు యూరిథేన్‌తో చేస్తారు. వేడికి అవి కొంచెం మెత్తబడి నేలను ఎక్కువ పట్టుకుంటాయి. పొద్దున ఐదింటికి జారిన చక్రమే సాయంత్రం పట్టేస్తుంది. పిల్ల తన కాలిదే తప్పనుకుంటుంది, కోచ్ పిల్లను తిడతాడు. తప్పు ఇద్దరిదీ కాదు. గట్టి చక్రాలు ఒక జత, మెత్తవి ఒక జత దగ్గర పెట్టుకుని నేలను బట్టి మార్చడం బయటి దేశాల్లో మామూలు అలవాటు. మనం కనీసం ఏ పూట చక్రం ఎట్లా ఉందో నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. ఇక దుమ్ము. నల్లరేగడి దుమ్ము సన్నగా ఉంటుంది, నేల మీద పొరలా పరుచుకుని ఎడ్జ్‌ను జార్చేస్తుంది. ఒక్కో చక్రానికి రెండు బేరింగుల చొప్పున జతకు 16 బేరింగులు. వాటిలోకి దుమ్ము దూరితే చక్రాలు తలా ఒక తీరున తిరుగుతాయి. రోజూ తడిగుడ్డతో నేల తుడవడం, పక్షానికోసారి బేరింగులు విప్పి శుభ్రం చేయడం పిల్లలకే నేర్పాలి. అది శిక్షణలో భాగమే.

కప్పున్న మంచి రింకు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఫిగర్స్ అనే విభాగం ఒకటుంది. నేల మీద రంగుతో వలయాలు గీస్తారు. ఒక్కోటి 6 మీటర్ల అడ్డుకొలత. రెండు వలయాలు ఆనుకుని ఎనిమిది అంకెలా ఉంటాయి. కొన్ని ఫిగర్లకు మూడు వలయాలు. లూప్ అనే చిన్న వలయం 2.40 మీటర్లు. ఆ గీత మీద ఒంటికాలితో, చెప్పిన ఎడ్జ్ మీద, చెప్పిన చోట మలుపు తిరుగుతూ, గీత తప్పకుండా పోవాలి. సంగీతం లేదు, చప్పట్లు లేవు. మంచు మీద ఫిగర్ స్కేటింగ్‌లో 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల నుంచి ఈ విభాగాన్ని తీసేశారు. రోలర్‌లో అది నిలిచి ఉంది, పతకాలూ ఉన్నాయి.

ఇప్పుడు మన లెక్క చూడండి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రెండు వలయాల ఫిగరుకు కావాల్సింది 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. అడ్డంగా గీస్తే ఒక కోర్టులో మూడు ఫిగర్లు ధారాళంగా పడతాయి. ఒక మేకు, ఒక తాడు, ఒక డబ్బా రంగు. ఇంత తక్కువ ఖర్చుతో అంతర్జాతీయ కొలతల మీద సాధన చేయగల విభాగం ఈ ఆటలో ఇంకొకటి లేదు. ఇందులో దెబ్బలు తక్కువ, దూకుడు తక్కువ. ఒకే వేళ ఆరుగురు పిల్లలు సాధన చేయవచ్చు. అన్నిటికన్నా మించి, ఎనిమిది ఎడ్జ్‌లూ కాలికి పట్టుబడతాయి. పలక మీద అక్షరం దిద్దించినట్టు రోజూ అదే గీత మీద పోవడం పిల్లలకు విసుగే. ఇరవై నిమిషాలకు మించి చేయించకూడదు. కాని ఆ ఇరవై నిమిషాలు రోజూ ఉండాలి. రాయలసీమలో ఆర్టిస్టిక్ శిక్షణ మొదలు పెట్టాల్సింది ఇక్కడి నుంచేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనికి అభ్యంతరం ఉంది. ఫిగర్లు పాతకాలపు పద్ధతి, పిల్లలకు అంత ఓపిక ఉండదు, జంపులు చిన్న వయసులోనే రావాలి, పదేళ్లు దాటితే భయం పుడుతుందని కొందరు కోచ్‌లు వాదిస్తారు. వాదనలో కొంత నిజం ఉంది. ఒకటిన్నర చుట్ల ఆక్సెల్, రెండు చుట్ల జంపులు పన్నెండు పదమూడేళ్ల లోపు రావడం మేలు. ఎత్తు పెరిగే ఏళ్లలో శరీరం బరువు మారి తిరిగే లెక్క తప్పుతుంది. అందుకని జంపులను పక్కన పెట్టమనడం లేదు. జంపు తిరుగుడును స్కేట్లు లేకుండా నేల మీద నేర్పవచ్చు. మెత్తని పరుపు మీద గెంతి, చేతులు గుండెకు దగ్గరగా లాక్కుని, ఒక కాలి మీద వెనక్కి దిగి, మోకాలు వంచి మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడటం. ఇది రోజుకు పదిహేను నిమిషాలు. స్కేట్లు ఉన్నప్పుడు ఎడ్జ్‌లు, లేనప్పుడు గెంతులు. రెండూ రెండేళ్లు విడివిడిగా నడిచి, మూడో ఏడు కలుసుకుంటే ఆ కలయిక గట్టిగా ఉంటుంది.

మార్కుల పద్ధతి మారడం కూడా ఎడ్జ్‌లే ముందన్న నా వాదనకే బలం ఇస్తోంది. ఒకప్పుడు పది మార్కులకు జడ్జీలు రెండు అంకెలు వేసేవాళ్లు, ఒకటి చేసిన పనికి, ఇంకొకటి చేసిన తీరుకు. వరల్డ్ స్కేట్ అనే అంతర్జాతీయ సంస్థ 2017లో ఏర్పడింది. ఆ దశకం చివర్లోనే రోల్‌ఆర్ట్ అనే పద్ధతి వచ్చింది. దీనిలో ప్రతి జంపుకూ, ప్రతి స్పిన్‌కూ ఒక ధర ఉంటుంది. టెక్నికల్ ప్యానెల్ వీడియో ముందు కూర్చుని జంపు పూర్తిగా తిరిగిందా, పావు తగ్గిందా, సగం తగ్గిందా అని చూస్తుంది. తగ్గితే ధర కోస్తారు. ఆపైన జడ్జీలు మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా నాణ్యతకు వేస్తారు. పడితే ఒక మార్కు పోతుంది. స్కేటింగ్ నైపుణ్యం, కదలికల మధ్య కూర్పు, ప్రదర్శన, నృత్యరచన వీటికి వేరే మార్కులు.

దీనివల్ల కోచ్ పని మారిపోయింది. సగం తిరిగిన డబుల్ జంపు కన్నా శుభ్రంగా దిగిన సింగిల్ జంపు నయమయ్యే సందర్భాలు వచ్చాయి. మన పిల్లల ప్రోగ్రాముల్లో ఎక్కువగా కనిపించే లోపం అదే. రాని డబుల్ జంపును పోటీకి రెండు వారాల ముందు ఇరికిస్తారు. దాని ధరకు కోత పడుతుంది, పడిపోతే ఇంకో మార్కు పోతుంది, ఆ భయంతో తర్వాతి స్పిన్ కూడా చెడుతుంది. నియమావళి ఏటా సవరిస్తారు, అది ఇంగ్లిషులో ఉంటుంది. ఒక జిల్లా కోచ్ దాన్ని కూర్చుని చదివి, తన పిల్ల ప్రోగ్రాములో ప్రతి అంశానికీ ఎంత వస్తుందో కాగితం మీద లెక్క వేయగలగాలి. ఎడ్జ్‌ల పేర్లు, కోతల లెక్కలు వివరించే చేతిపుస్తకం తెలుగులో రావాలి. అనుభవం ఉన్న హైదరాబాద్, విశాఖ స్కేటర్లు పూనుకుంటే ఒక వేసవిలో అయ్యే పని.

జంపు వేసి దిగినప్పుడు కాలి మీద పడే భారం శరీర బరువుకు ఎన్నో రెట్లు. కింద ఉన్నది రాయి, బూటుకు లోహపు ప్లేటు, అదురు మింగేది ఏమీ లేదు. మోకాలి చిప్ప కింద నొప్పి, పిక్క ఎముక ముందు భాగంలో నొప్పి అంటే పిల్ల నాటకం ఆడుతోందనుకోవద్దు. ఎత్తు పెరిగే ఏడాదిలో జంపుల లెక్క సగానికి తగ్గించి, ఫిగర్లు, స్పిన్లు, సోలో డ్యాన్సు పెంచాలి. సోలో డ్యాన్సులో పెద్ద జంపులు ఉండవు. లయ, ఎడ్జ్, నిలువు. పదమూడేళ్లకు మోకాలు చెడి ఆట మానేసిన పిల్లల్లో చాలామందిని ఆ విభాగం కాపాడగలిగేది.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఈ ఆటలో వాళ్లే ఎక్కువ, వాళ్లే ముందు మానేస్తారు. పదో తరగతి పరీక్షలు ఒక కారణం, దుస్తులు ఇంకో కారణం. పొట్టి గౌను తప్పనిసరి అనుకుని మన ఇళ్లలో పెద్దవాళ్లు వద్దంటారు. కాళ్లు పూర్తిగా కప్పే దుస్తులతో కూడా పోటీ పడవచ్చు, అందుకు మార్కులు పోవు. ఈ మాట కోచ్ మొదటి రోజే తల్లికి చెప్పాలి. స్పిన్, జంపు నేర్పేటప్పుడు నడుమో భుజమో పట్టుకోవాల్సి వస్తుంది. ఎక్కడ పట్టుకుంటారో, ఎందుకో ముందే పిల్లకూ తల్లిదండ్రులకూ చెప్పడం, రింకులో ఎప్పుడూ ఇంకో పెద్దమనిషి ఉండటం, పోటీలకు వేరే ఊరు వెళ్తే ఆడ మేనేజరు వెంట ఉండటం ఐచ్ఛికాలు కావు. ఈ మూడూ లేని శిక్షణ కేంద్రానికి పిల్లను పంపవద్దు, అక్కడి కోచ్ ఎంత పేరున్నవాడైనా సరే.

డబ్బు మాట. నేర్చుకునే స్కేట్లు కొన్ని వేల రూపాయల్లో వస్తాయి, మొదటి రెండేళ్లకు అవి చాలు. పోటీ స్థాయికి వచ్చాక ఇటలీ బూట్లు, ఇటలీ ప్లేట్లు, చక్రాలు కలిపి లక్ష రూపాయల దరిదాపుల్లోకి పోతుంది. పైగా పిల్ల పాదం ఏడాదీ ఏడాదిన్నరకు పెరుగుతుంది. వేరుశనగ పండించే రైతు, బండల ఫ్యాక్టరీ గుమాస్తా ఆ ఖర్చు మోయలేడు. ప్లేటు చాలా ఏళ్లు నిలుస్తుంది, తరచూ మారేది బూటే. జిల్లా స్థాయిలో ఒక ఉమ్మడి నిల్వ పెట్టి, ఒకరికి చిన్నవైనవి ఇంకొకరికి ఇచ్చే పద్ధతి తెస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. దాతలు కప్పులకు, షీల్డులకు ఇచ్చే డబ్బు ఇటు మళ్లిస్తే మేలు. ఇన్‌లైన్ ఆర్టిస్టిక్ అని ఒకే వరుసలో చక్రాలుండే రకమూ ఉంది. నాలుగు చక్రాల మీద ఎడ్జ్ పట్టుబడ్డ పిల్ల అటు మారగలదు. మొదటి నుంచే రెండింటికీ కొనిపించడం అనవసరం.

నేర్పేది ఎవరన్నదే చిక్కుముడి. కర్నూలుకు హైదరాబాద్ 210 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 700. ఈ ఆటకు తెలుగునాట బలమైన కేంద్రాల్లో దగ్గరున్నది హైదరాబాదే. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. జిల్లా పోటీలు, రాష్ట్ర ఎంపికలు ఆంధ్రప్రదేశ్‌లోనే ఆడాలి. సెలవుల్లో అక్కడికి వెళ్లి నేర్చుకుని రావడం మంచిదే, తప్పు లేదు. కాని నెలకు రెండుసార్లు వచ్చే పాఠం మీద ఆట నిలబడదు. రోజూ రింకులో నిలబడి గీత తప్పిన పాదాన్ని చూసే మనిషి ఊళ్లోనే ఉండాలి. ఇరవై ఏళ్లు దాటి పోటీలు మానేసిన స్కేటర్లు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరికి మూడేళ్ల ఒప్పందం, నికరమైన జీతం, ఉండటానికి ఇల్లు ఇస్తే కర్నూలు వస్తారు, కడపకూ వస్తారు. పిల్లకింత అని ఫీజు మీద బతికే కోచ్ నలభై మందిని గుండ్రంగా తిప్పక ఏం చేస్తాడు? తప్పు అతనిది కాదు, ఏర్పాటుది.

ఫోన్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. జంపును మెల్లగా కదిలే వీడియో తీసి చూస్తే లేచిన ఎడ్జ్, దిగిన కోణం స్పష్టంగా తెలుస్తాయి. ఊళ్లో కోచ్ తీసిన వీడియోను హైదరాబాద్‌లోని పెద్ద కోచ్ వారానికోసారి చూసి చెప్పే ఏర్పాటు బస్సు ఖర్చు లేకుండా జరుగుతుంది. ఇంటర్నెట్‌లో చూసి ఇంట్లో సొంతంగా జంపులు నేర్చుకోవడం మాత్రం ప్రమాదం.

సంగీతం దగ్గర మనం అనవసరంగా అరువుకు పోతున్నాం. ఎవరో ఇచ్చిన పాశ్చాత్య బాణీకి పిల్ల చేతులు ఊపుతుంది, ముఖంలో ఏమీ ఉండదు. ప్రదర్శనకు, నృత్యరచనకు విడిగా మార్కులున్న ఆటలో ఇది పెద్ద నష్టం. మన పల్లెల్లో చెక్కభజన ఉంది. లయ మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, అడుగులు మారుతూ, గుంపు మొత్తం ఒక్కసారి తిరిగి కూర్చుని లేస్తుంది. గుంపుగా చేసే షో, ప్రెసిషన్ విభాగాలకు ఇంతకన్నా తయారుగా ఉన్న సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఊరి చెక్కభజన గురువును నెలకు రెండు సాయంత్రాలు రింకుకు పిలిచి పిల్లలతో స్కేట్లు లేకుండా అడుగులు వేయించాలి. కూచిపూడి నేర్చుకున్న పిల్లలకు చేతులు, చూపు, నిలువు ముందే కుదిరి ఉంటాయి.

ఇదంతా పెద్ద నగరాల ఆట అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇటలీని చూస్తే ఆ మాట నిలవదు. 2000ల దశకంలో పదికి పైగా ప్రపంచ టైటిళ్లు గెలిచిన తాన్యా రొమానో త్రియెస్తె శివారులోని ఒపిచినా అనే చిన్న ఊరి క్లబ్బు నుంచి వచ్చింది. అక్కడి స్లొవేనియా భాషా మైనారిటీ వాళ్లు నడుపుకునే క్లబ్బు అది. ఇటలీలో, స్పెయిన్‌లోని కాటలోనియాలో ఈ ఆట చిన్న పట్టణాల కప్పున్న రింకుల్లోనే బతుకుతోంది. ఒక రింకు, ఒక క్లబ్బు, ముప్పై నలభై ఏళ్లు అక్కడే ఉండిపోయిన కోచ్. మన దగ్గర కూడా ఉదాహరణ ఉంది, ఆట వేరైనా. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 నవంబరు 2న క్రికెట్ ప్రపంచ కప్ గెలిచిన భారత మహిళల జట్టులో ఉంది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. పల్లె పిల్ల అంత దూరం పోవడానికి ఆమె ప్రతిభ ఎంత కారణమో, జిల్లాలో మైదానం, జట్టు, ఎంపిక వరుస ఉండటమూ అంతే కారణం. స్కేటింగ్‌లో ఆ వరుస ఇంకా వేయలేదు.

2024లో ప్రకటించిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. దానివల్ల సర్టిఫికెట్ల వెంట పరుగు ఇంకా పెరుగుతుంది. ఆ పరుగులో కష్టమైన ఆట వెనకబడి, సులువుగా పతకం వచ్చే పోటీలు ముందుకు వస్తాయి. అడ్డుకోవాల్సింది జిల్లా క్రీడాధికారులు, సంఘాల పెద్దలు. కర్నూలు, కడప జిల్లా క్రీడాధికార సంస్థలకు నా విన్నపం ఇది: ఈ ఏడాది వాడకుండా పడి ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటి చూడండి. దాని నేలకు మిషను పట్టించి, 6 మీటర్ల వలయాలు గీయించండి. పైన రేకుల కప్పు వేయించండి. మూడేళ్ల జీతంతో ఒక ఆర్టిస్టిక్ కోచ్‌ను తెచ్చి, ఇరవై మంది పిల్లలను మాత్రమే అప్పగించండి. ఆ మూడేళ్లలో పతకం అడగకండి. తల్లిదండ్రులూ అడగకండి.